60 దాటితే ముందు చక్రం దగ్గర 'ఊఁ...' అని మూలుగు: టైరా, బేరింగా, గేర్‌బాక్సా?

బెజవాడ_బండి
2019 డిసెంబర్‌లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్ళుగా స్పీడు 60 దాటగానే ముందు ఎడమ వైపు నుంచి 'ఊఁ...' అని మూలుగు మొదలవుతోంది. 80కి వచ్చేసరికి పక్కన కూర్చున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాలి. 40 లోపు ఏమీ వినపడదు. బ్రేక్ వేసినా చప్పుడులో తేడా లేదు. స్టీరింగ్ వణకడం లేదు, బండి పక్కకి లాగడం లేదు.

సర్వీస్ సెంటర్‌లో నాలుగు టైర్లూ మార్చాలన్నారు, 21 వేలు ఎస్టిమేట్ ఇచ్చారు. మా వీధి చివర మెకానిక్ ఒక రౌండ్ తిప్పి, గేర్‌బాక్స్ బేరింగ్ పోయింది, బాక్స్ దించాలి అన్నాడు. ఇద్దరిలో ఎవరూ బండిని జాకీ ఎక్కించి చూడలేదు. అదే నాకు నచ్చలేదు. అమ్మానాన్నలను తీసుకుని త్వరలో హైదరాబాద్ వెళ్ళాలి. ఈ చప్పుడుతో వెళ్ళొచ్చా?

హైవే_డ్యూటీ
వీల్ బేరింగ్, చక్రం నున్నగా తిరగడానికి లోపల ఉండే గుండ్ల రింగు. ఇంకేం కాదు.

టైర్ల_లోకం
చూడకుండా అంత గట్టిగా ఎలా చెప్తారు అన్నా? బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయంటే రబ్బరు గట్టిపడి ఉంటుంది. అలాంటి టైరు కూడా అచ్చం బేరింగ్ లాగే మూలుగుతుంది. వరంగల్‌లో మా షాపుకి బేరింగ్ మార్పించుకున్నాక కూడా చప్పుడు పోలేదని వచ్చేవాళ్ళు చాలామంది.

బెజవాడ గారూ, టైరు మీద అరచెయ్యి పెట్టి ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్ళలా తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగినట్టు. కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది.

పాలకొల్లు_పిల్ల
తారు రోడ్డు మీద, సిమెంట్ రోడ్డు మీద చప్పుడు ఒకేలా ఉందా? నా బండికి ఇలాగే వస్తే కొత్త తారు పడిన చోటికి రాగానే సగానికి తగ్గిపోయేది. అది టైరే అని అప్పుడు తెలిసింది. బేరింగ్‌కి రోడ్డు ఏదైనా ఒకటే.

లేత్_మిషన్
ఆటోనగర్‌లో ప్రెస్ (ఒత్తి దింపే మిషన్) మీద బేరింగులు ఎక్కించే పనే నాది. ముందు మీరు బండి నడుపుతూ చూడాల్సినవి ఉన్నాయి. ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చేయండి.

చప్పుడు వచ్చే స్పీడుకి వెళ్ళి క్లచ్ పూర్తిగా తొక్కి, ఎక్సలేటర్ వదిలేయండి. ఇంజిన్ ఐడిలింగ్‌కి పడిపోతుంది, చక్రాలు మాత్రం అదే స్పీడులో తిరుగుతుంటాయి. చప్పుడు అలాగే ఉంటే ఇంజిన్ వైపుది కాదు. దీంతో గేర్‌బాక్స్‌కి పూర్తిగా క్లీన్ చిట్ ఇచ్చేయకండి. చక్రాలతో పాటు తిరిగే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల సెట్టు) బేరింగులు అందులోనే ఉంటాయి, క్లచ్ తొక్కినా అవి తిరుగుతూనే ఉంటాయి.

అందుకే రెండోది చూడాలి. అదే స్పీడులో స్టీరింగ్‌ని మెల్లగా కొంచెం కుడికి, కొంచెం ఎడమకి తిప్పండి. బండి కుడికి తిరుగుతుంటే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు చప్పుడు పెరిగి, ఎడమకి తిప్పినప్పుడు తగ్గితే ఎడమ వైపు బేరింగ్ మీద అనుమానం. అడ్డదిడ్డంగా ఊపక్కర్లేదు, లేన్ మారేటంత చాలు.

పాలకొల్లు_పిల్ల
+1. ఆ రెండోది మాత్రం హైదరాబాద్ హైవే మీద చేయకండి. వెనక లారీవాడికి మీరు టెస్ట్ చేస్తున్నారని తెలియదు.

అంబాసిడర్_తాతయ్య
ఈ కాలం వాళ్ళు ప్రతిదీ మార్చేయడమే. మా రోజుల్లో హబ్బు విప్పి, బేరింగుని కిరసనాయిల్‌తో కడిగి, కొత్త గ్రీజు కూరి, నట్టు బిగించి కాస్త వెనక్కి వదిలితే మళ్ళీ ఏళ్ళ తరబడి నడిచేది. గ్రీజు పెట్టించి చూడు నాయనా, 21 వేలు ఎందుకు?

లేత్_మిషన్
తాతయ్య గారూ, మీరు చెప్పింది టేపర్ బేరింగుల సంగతి. లారీలకు ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. ఇప్పటి చిన్న కార్ల ముందు చక్రాలకు వచ్చేది రెండు వరసల గుండ్లతో, రెండు వైపులా సీలు వేసిన బేరింగ్. గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపేస్తారు. విప్పి నింపడానికి దారి లేదు. చప్పుడు మొదలైందంటే లోపల గుండ్లు తిరిగే దారి మీద గుంటలు పడ్డాయనే లెక్క. గ్రీజుతో గుంటలు పూడవు.

అంబాసిడర్_తాతయ్య
అయితే సరే. కొత్త సంగతి తెలిసింది.

కొత్త_లైసెన్స్
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా బండికి మూలుగు కాదు, టక్... టక్... టక్ అని వస్తోంది. మెల్లగా వెళ్తుంటే మెల్లగా, స్పీడు పెంచితే గబగబా. నిన్నటి నుంచే. ఇది కూడా బేరింగేనా?

హైవే_డ్యూటీ
టైరు గాడిలో రాయో మేకో ఇరుక్కుని ఉంటది తమ్మీ. బండి కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ టైరు చుట్టూ చూడు.

లేత్_మిషన్
@కొత్త_లైసెన్స్ నిన్నో మొన్నో ఎక్కడైనా చక్రం విప్పారా?

కొత్త_లైసెన్స్
అవును, మొన్న సాయంత్రం పంక్చర్ వేయించాను. వెనక కుడి చక్రం.

లేత్_మిషన్
అయితే బండి తియ్యకండి. ముందు ఆ చక్రం నట్లు చూడండి. డిక్కీలో పానా ఉంటుంది. ఇప్పుడే.

టైర్ల_లోకం
నిజమే, ఇది ఆలస్యం చేసేది కాదు. బండి కదపకుండా చూడు తమ్ముడూ.

కొత్త_లైసెన్స్
చూశాను. రెండు నట్లు చేత్తోనే తిరిగాయి! మిగతా రెండూ పానాకి సులువుగా అర చుట్టు తిరిగాయి. చేతులు వణుకుతున్నాయి. ఇదే బండిలో పొద్దున అక్కని స్టేషన్‌లో దించి వచ్చాను.

టైర్ల_లోకం
జాకీ మీద చక్రం ఆడకుండా కూర్చునేంతవరకే బిగించాలి, కిందకి దించాక అసలు బిగింపు. ఒకదాని తర్వాత పక్కది కాదు, ఎదురెదురుగా ఉన్నవి బిగించుకుంటూ పో. పానా మీద ఎక్కి తొక్కకు, నట్టు ఎక్కే స్టడ్డు సాగిపోతుంది. చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగింపు ఉంటుంది, నీ బండిది మాన్యువల్‌లో చూడు. దగ్గర్లో టార్క్ రెంచి (బిగింపు ఎంతో కొలిచే పానా) ఉన్న షాపుకి వెళ్ళి సరిచూపించుకో. చక్రం ఒకసారి విప్పి బిగించాక 50, 100 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. మా షాపులో ఈ మాట చెప్పకుండా ఎవరినీ పంపను.

స్టడ్ల మరలు దెబ్బతిన్నాయేమో, రిమ్ము రంధ్రాలు అరిగి పెద్దవయ్యాయేమో కూడా చూపించు.

కొత్త_లైసెన్స్
చాలా థాంక్స్ అన్నా. లేత్ అన్నకి ఇంకా పెద్ద థాంక్స్. బిగించాక చప్పుడు పోయింది. షాపుకి వెళ్తున్నాను, మెల్లగానే.

బెజవాడ_బండి
తమ్ముడు బయటపడ్డాడు, అది చాలు. నా సంగతికి వస్తే, ఈరోజు పొద్దున్నే మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

క్లచ్ తొక్కితే తేడా లేదు, అదే మూలుగు. స్టీరింగ్ కుడికి తిప్పితే 'ఊఁ' కాస్తా 'గుర్ర్' అని గట్టిపడుతోంది. ఎడమకి తిప్పితే దాదాపు మాయం. సిమెంట్ రోడ్డు మీద మొత్తం చప్పుడు కొంచెం ఎక్కువే, కానీ ఆ 'గుర్ర్' మాత్రం తారు మీదా సిమెంట్ మీదా ఒకటే.

టైర్లు కూడా నిమిరాను. ముందువి నున్నగానే ఉన్నాయి. వెనక ఎడమ టైరు లోపలి అంచు దగ్గర మాత్రం రంపం పళ్ళలా గట్టిగా తగిలింది.

హైవే_డ్యూటీ
నేను మొదట్లనే చెప్పిన 😀

టైర్ల_లోకం
నేనూ చెప్పాను కదా, వెనక టైరు సంగతి చూశారా 😀 లోపల కూర్చుంటే ముందూ వెనకా తేడా చెవికి అంత సులువుగా తెలియదు, రేకు వెంట చప్పుడు పాకుతుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపి చూడండి. చప్పుడు కూడా చోటు మారితే టైరు, మారకపోతే బేరింగ్. దీనికి ఖర్చు లేదు. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే మాత్రం అదే వైపు ముందు వెనకలు మార్చాలి, కుడివి ఎడమకి వేయకూడదు.

కువైట్_కడప
బెజవాడ అన్నా, ఒక ప్రశ్న. 2024 సెప్టెంబర్‌లో విజయవాడకి వచ్చిన బుడమేరు వాగు వరద నీళ్ళలో బండి ఏమైనా మునిగిందా? మా తమ్ముడు సింగ్‌నగర్‌లో ఉంటాడు. వాడి బండి చక్రాలు మునిగేదాకా నీళ్ళలో ఉండిపోయింది. ఇంజిన్‌లోకి నీళ్ళు పోలేదని సంతోషపడ్డాం. కొన్ని నెలలకి రెండు బేరింగులు వరసగా పోయాయి.

బెజవాడ_బండి
మునిగింది అన్నా. హబ్బు పైదాకా వచ్చాయి నీళ్ళు. లోపల కార్పెట్ తడవలేదు కాబట్టి ఆయిల్ మార్పించి, బ్రేకులు కడిగించి ఊరుకున్నాం. బేరింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంత కాలం తర్వాత దాని ప్రభావం చూపిస్తుందా?

మిషిగన్_తెలుగోడు
నాకు అనుమానమే. ఇక్కడ ప్రతి చలికాలం ఉప్పు కలిసిన మంచునీళ్ళలోనే నడుపుతాం, బేరింగులు లక్ష మైళ్ళు కూడా వస్తాయి. సీలు ఉండేదే అందుకు కదా. వరద మీదకి నెట్టేయడం తొందరపాటు అనిపిస్తోంది. గుంతలో గట్టిగా పడి ఉండొచ్చు, ఫుట్‌పాత్‌కి చక్రం కొట్టి ఉండొచ్చు.

లేత్_మిషన్
మీరు చెప్పిన గుంత సంగతి నిజమే, బేరింగులు పోవడానికి అదీ ఒక పెద్ద కారణం. కానీ చిమ్మే నీళ్ళు వేరు, నిలవ నీళ్ళు వేరు. సీలు పెదవి చిమ్మే నీటిని ఆపుతుంది. బండి నీళ్ళలో గంటల తరబడి, రోజుల తరబడి నిలబడితే, అదీ బురద నీళ్ళు అయితే, మెల్లగా లోపలికి దిగుతాయి. గ్రీజు నీటితో కలిసి తెల్లబడి పలచనవుతుంది. గుండ్లు ఆనిన చోట సన్నగా తుప్పు పడుతుంది. అప్పుడు చప్పుడు ఉండదు. ఆ తుప్పు చుక్క నడిచేకొద్దీ గుంటై, ఎప్పటికో వినపడుతుంది. ఆ వరద తర్వాత మా దగ్గరికి వచ్చిన బేరింగులు కోసి చూస్తే లోపల బంక మట్టి ఉన్నవి కూడా ఉన్నాయి. కాబట్టి నెలల తర్వాత బయటపడటంలో వింత లేదు.

మిషిగన్_తెలుగోడు
కోసి చూసిన మనిషి చెప్తుంటే ఇక వాదన లేదు. నిలవ నీళ్ళ తేడా నేను ఆలోచించలేదు.

కువైట్_కడప
మా తమ్ముడికి ఇది పంపిస్తా. మిగతా రెండు చక్రాలు ఇంకా చూపించలేదు.

పాలకొల్లు_పిల్ల
ఇంట్లో జాకీ వేసి చూసుకోవచ్చా? ఆడపిల్లలం షెడ్డుకి వెళ్తే "మేడమ్, మీకు తెలియదు లెండి" అని మాట దాటేస్తారు. ముందే చూసుకుని వెళ్తే గట్టిగా అడగొచ్చు.

లేత్_మిషన్
చూసుకోవచ్చు మేడమ్. గట్టి నేల, హ్యాండ్‌బ్రేక్, వెనక చక్రాలకు ఇటుకలు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు, స్టాండ్ ఉండాలి. గేరు న్యూట్రల్.

పైనా కిందా పట్టుకుని చక్రాన్ని మీ వైపు లాగి, అవతలకి తొయ్యండి. కటకటమని ఆడితే ప్లే ఉన్నట్టు. అయితే బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) అరిగినా అలాగే ఆడుతుంది. అందుకే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. బ్రేక్ తొక్కినప్పుడు ఆట పోతే బేరింగ్, అప్పటికీ ఉంటే జాయింట్.

ప్లే లేదని బేరింగ్ బాగుందనుకోవద్దు. చాలా బేరింగులు ఆట రాకముందే మూలుగుతాయి. అలాంటప్పుడు ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చెయ్యి షాక్అబ్జార్బర్ స్ప్రింగు మీద పెట్టండి. వేళ్ళు చక్రానికి తగలకుండా జాగ్రత్త. బాగున్న బేరింగ్ అయితే ఏమీ తెలియదు. పోయిన బేరింగ్ అయితే ఇసుక నలిగినట్టు స్ప్రింగులో సన్నగా తెలుస్తుంది. రెండు వైపులా చూసి పోల్చుకోండి.

హైవే_డ్యూటీ
కొందరు ఒక చక్రం లేపి ఇంజిన్ ఆన్ చేసి గేరులో తిప్పుతారు. అది చెయ్యకండి. ఒక చక్రం నేల మీద ఆగి ఉంటే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం రెండింతలు తిరుగుతది. మీటర్ 40 చూపిస్తే ఆ చక్రం 80 మీద ఉన్నట్టు. బండి జాకీ మీద నుంచి జారితే అంతే.

బెజవాడ_బండి
చేసి చూశాను. ముందు ఎడమ చక్రంలో ప్లే అసలు లేదు. కానీ స్ప్రింగు మీద చెయ్యి పెట్టి తిప్పితే లేత్ అన్న చెప్పినట్టే గరగర తెలిసింది. కుడి వైపు నున్నగా తిరిగింది. రోడ్డు మీద తిప్పి చూసినా, జాకీ మీద చూసినా ఎడమే. టైర్లు ముందూ వెనకా మార్చినా 'గుర్ర్' అక్కడే ఉంది. వెనక టైరు వల్ల వచ్చే సన్నటి 'రూఁ' మాత్రం ముందుకి వచ్చింది. మొత్తానికి రెండు చప్పుళ్ళు కలిసి వినపడుతున్నాయి.

రేపు బేరింగ్ మార్పిస్తాను. చెప్పాల్సినవి ఏమైనా ఉన్నాయా?

లేత్_మిషన్
ఉన్నాయి. సుత్తితో కొట్టి ఎక్కించే చోట ఇవ్వకండి. నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనుప భాగం) విప్పి ప్రెస్ మీద పెట్టించండి. నకిల్‌లోకి దింపేటప్పుడు బయటి రింగు మీద వత్తాలి, హబ్బు దింపేటప్పుడు లోపలి రింగుకి కింద నుంచి ఆసరా ఇవ్వాలి. తప్పు రింగు మీద వత్తితే బలం గుండ్ల మీద పడి కొత్త బేరింగ్ కూడా మొదటి రోజే మూలుగుతుంది. లాక్ రింగు సరిగ్గా గాడిలో కూర్చుందో లేదో చూడమనండి. యాక్సిల్ నట్టు కొత్తది వేయించండి, కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించాలి.

ముఖ్యమైనది ఇంకోటి. మీది 2019 చివరి బండి కాబట్టి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంటుంది. చాలా బండ్లలో బేరింగ్ ఒక వైపు సీలులోనే అయస్కాంతం పట్టీ ఉంటుంది. చూడటానికి రెండు వైపులూ ఒకేలా అనిపిస్తాయి. అయస్కాంతం వైపు, చక్రం స్పీడు చదివే సెన్సర్‌కి ఎదురుగా, అంటే బండి లోపలి వైపుకి ఉండాలి.

బెజవాడ_బండి
ఈ పోస్టు ఇప్పుడే చూశాను. పొద్దున్నే షెడ్డులో బండి ఇచ్చి ఆఫీసుకి వెళ్ళిపోయాను. సాయంత్రం తీసుకున్నాను. 'గుర్ర్' పూర్తిగా పోయింది, ప్రాణం హాయిగా ఉంది. కానీ బయల్దేరిన కాసేపటికే మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలిగింది. ఆపి స్టార్ట్ చేస్తే పోతుంది, కొంచెం దూరం వెళ్ళగానే మళ్ళీ వస్తోంది.

పాలకొల్లు_పిల్ల
అయ్యో! లేత్ అన్న చెప్పిందే అయిందా?

హైవే_డ్యూటీ
సెన్సర్ వైరు లాగేసి ఉంటరు. నకిల్ విప్పేటప్పుడు చాలాసార్లు అదే అయితది. మొదట ప్లగ్గు చూపించు అన్నా.

లేత్_మిషన్
హైవే అన్న చెప్పింది ముందు చూడాలి, తేలికైన పని. వైరు, సెన్సర్ బాగుంటే అనుమానం బేరింగ్ మీదే. స్కానర్ పెట్టించి బండి నడుపుతుంటే నాలుగు చక్రాల స్పీడు విడివిడిగా చూపిస్తుంది. మూడు 30 చూపిస్తూ ముందు ఎడమ సున్నా చూపిస్తే, వైరు బాగుంటే, బేరింగ్ తిరగేసి ఎక్కించినట్టే.

అప్పటిదాకా మామూలు బ్రేకులు పనిచేస్తాయి, ఏబీఎస్ మాత్రం ఉండదు. వానలో జాగ్రత్త.

బెజవాడ_బండి
అదే అయింది. స్కానర్‌లో ముందు ఎడమ సున్నా. వైరు బాగుంది. షెడ్డు అతను మొదట ఒప్పుకోలేదు. డబ్బాలో మిగిలి ఉన్న ఇంకో కొత్త బేరింగ్ తెప్పించి, గుండుసూది ఒక వైపు పెట్టమన్నాను. అంటుకోలేదు. తిప్పి రెండో వైపు పెడితే టక్కున పట్టుకుంది. అతనే రెండుసార్లు పెట్టి చూశాడు. ఆ తర్వాత మాట్లాడకుండా నకిల్ విప్పాడు.

ఎక్కించిన బేరింగ్‌నే తీసి తిప్పి వేస్తానన్నాడు. వేయొచ్చా అన్నా? అతను నా ఎదురుగానే ఉన్నాడు.

లేత్_మిషన్
వద్దు. బయటికి తీసేటప్పుడు బలమంతా గుండ్ల మీదుగానే పోతుంది. లోపలి రింగు హబ్బుకే అంటుకుని విడిపోతుంది కూడా. ఆ బేరింగ్ పని అయిపోయింది. కొత్తదే వేయించండి, దాని ఖర్చు అతనిదే.

బెజవాడ_బండి
కొత్తది వేశాడు, బేరింగ్ డబ్బులు అడగలేదు. లైటు పోయింది, చప్పుడు లేదు. మొదటి బిల్లు లేబర్‌తో కలిపి 3,400 అయింది. 21 వేల టైర్లూ లేవు, గేర్‌బాక్స్ దించడమూ లేదు. పాత బేరింగ్ అడిగి తెచ్చుకుని కోయించాను. లోపల గ్రీజు బూడిద రంగులో నీళ్ళలా ఉంది. గుండ్లు తిరిగే దారి మీద ఒకచోట వరసగా ఎర్రటి మచ్చలు, వాటి మధ్య గోరు గుచ్చుకునేంత గుంట.

టైర్ల_లోకం
ఆ రంపం పళ్ళ టైరు సంగతి మర్చిపోకండి. టైరు పక్కన చివర నాలుగంకెల కోడ్ చూసి చెప్పండి. 4519 అని ఉంటే 2019లో 45వ వారం తయారైనట్టు. వెనక ఎడమ వైపే అలా అరిగిందంటే అక్కడి షాక్అబ్జార్బర్ బలహీనపడి టైరు ఎగురుతూ నడుస్తోందేమో చూపించండి. అది బాగుచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

బెజవాడ_బండి
కోడ్ 4419. అంటే బండితో వచ్చినవే. షాక్అబ్జార్బర్ మీద సన్నగా ఆయిల్ తడి కనపడుతోంది. హైదరాబాద్ వెళ్ళేలోపు వెనక రెండు షాక్‌లూ మార్పిస్తాను, టైర్లు వచ్చే నెల జీతం పడ్డాక. అమ్మానాన్నలకి ప్రయాణం వారం వెనక్కి జరిపానని చెప్పాను.

లేత్_మిషన్
మంచి పని. వరదలో నిలబడ్డ బండి కదా, మిగతా మూడు చక్రాలు కూడా స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూడండి. ముందు ఎడమ చక్రం నట్లు రెండుసార్లు విప్పారు, మళ్ళీ టార్క్ చూపించారా?

బెజవాడ_బండి
చూపించాను. నిన్న 80 కిలోమీటర్లు తిరిగాక ఒక నట్టు కొంచెం బిగింది, మిగతావి సరిగ్గానే ఉన్నాయి. మిగతా మూడు చక్రాలు ఆదివారం చూస్తాను.

కువైట్_కడప
మా తమ్ముడు చూపించాడు. వెనక కుడి చక్రంలో గరగర ఉందట, చప్పుడు ఇంకా మొదలవ్వలేదు. లేత్ అన్నా, వెనక హబ్బుకి కూడా అయస్కాంతం అటూ ఇటూ అయ్యే ప్రమాదం ఉందా?

లేత్_మిషన్
వెనక చాలా బండ్లకు హబ్బూ బేరింగూ కలిపి ఒకే యూనిట్‌గా వస్తుంది, నాలుగు బోల్టులు విప్పి బిగించడమే, తిరగబడే అవకాశం లేదు. కొన్నిటికి బ్రేక్ డ్రమ్ములోనే ప్రెస్ చేసి ఉంటుంది, వాటికి మాత్రం చూసుకోవాలి. ఏ మోడలో చెప్పమనండి.